గోదాట్లో ఈతకి దిగే ముందు ఏ నెలలో ఏం చూసుకోవాలి

మాది రాజమండ్రి పక్కనే, చిన్నప్పట్నుంచీ గోదాట్లోనే ఈత, ఇప్పటికీ వారానికి మూడు నాలుగు రోజులు పొద్దున్నే రేవుకి వెళ్తా. వేసవి సెలవులొస్తే చాలు, హైదరాబాద్ నుంచి వచ్చిన చుట్టాల పిల్లలు ఒక్కటే అడుగుతారు, నీళ్ళు చల్లగా ఉంటాయా అని. అడగాల్సింది అది కాదండి. మన దగ్గర గోదావరి మనిషి ప్రాణం తీసేంత చల్లబడదు, ప్రాణం తీసేది ఉరవడి, కాలి కింద అడుగు. నీళ్ళు ఒంటికి హాయిగా ఉన్నాయి కదా అని ధైర్యం వచ్చేసే రోజుల్లోనే ఎక్కువ మంది మునిగిపోతున్నారు, అందుకే ఇదంతా రాస్తున్నా.

ముందు వేడి సంగతి చూద్దాం. చేపల తొట్టెలో పెట్టే గాజు థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, జ్వరం చూసేది పనికిరాదు, అది 35 డిగ్రీల సెల్సియస్ కింద సరిగ్గా చూపించదు. దారం కట్టి మోకాలి లోతులో రెండు నిమిషాలు ముంచి, నీళ్ళలో ఉండగానే చదవాలి, పైకి తీసి చూస్తే గాలికి అంకె మారిపోద్ది. తర్వాత నడుం లోతులో ఇంకోసారి చూడండి, ఎందుకంటే మే నెల మధ్యాహ్నం ఒడ్డు పక్కన పల్చటి నీళ్ళు కాగబెట్టినట్టు ఉంటాయి, నాలుగడుగులు లోపలికి వేస్తే చల్లగా తగుల్తాయి. మా రేవులో నేను చూసుకున్న లెక్క చెప్తా: జనవరి తెల్లారుజామున 22, 23, మార్చిలో 27 దాకా, మేలో 31 వరకూ. పోటీలు పెట్టే స్విమ్మింగ్ పూల్‌లో 25 నుంచి 28 మధ్య ఉంచుతారు, దాంతో పోల్చుకోండి.

కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఒక తమాషా ఉంటుంది. తెల్లారుజామున గాలి నీళ్ళకంటే చల్లగా ఉంటుంది కాబట్టి గోదారి మీద పొగలు లేస్తాయి, నీళ్ళలో దిగితే గోరువెచ్చగా ఉంటుంది, బయటికి రావాలంటేనే వణుకు. అలా అని అరగంట ఉండిపోకూడదు, నీళ్ళు ఒంట్లో వేడిని గాలికంటే చాలా తొందరగా లాగేస్తాయి, వేళ్ళు బిగుసుకుపోతాయి, పిక్క పట్టేస్తుంది. పది పదిహేను నిమిషాలు చాలు. తువ్వాలు, పొడి బట్టలు మెట్ల మీదే అందేలా పెట్టుకోండి. గుండె జబ్బు, బీపీ ఉన్న పెద్దవాళ్ళు కార్తీక స్నానమైనా సరే ఒక్కసారిగా మునగొద్దు, ముందు కాళ్ళు, చేతులు, మొహం, ఛాతీ తడుపుకుని అప్పుడు మునగండి.

ఇక వరద. జూన్ చివర్లో ఎర్రనీరు మొదలైన దగ్గర్నుంచి అక్టోబర్ దాకా ఈత మాటే వద్దు. ఇక్కడ ఎండ కాస్తుంటుంది, పైన ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నిండి వస్తుంటాయి. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది, 2022 జూలైలో అక్కడ 71 అడుగులు దాటింది. ధవళేశ్వరంలో అవే హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగులకి ఇస్తారు. చాలామంది చేసే తప్పేంటంటే, ఇంకా మొదటి హెచ్చరిక కూడా రాలేదు కదా, దిగొచ్చు అనుకోవడం. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక అంటేనే 10 లక్షల క్యూసెక్కులు, అది ఊళ్ళని జాగ్రత్తపడమని చెప్పే లెక్క, ఈతగాళ్ళకి కాదు. అందులో నాలుగో వంతు నీరు వస్తున్నా దిగొద్దు. నీళ్ళ మీద తాటి మట్టలు, గుర్రపుడెక్క కొట్టుకొస్తుంటే లెక్కలు కూడా అక్కర్లేదు, వెనక్కి వచ్చెయ్యండి.

వరద తీసాక నవంబర్‌లో మెట్ల మీద ఒండ్రు ఉంటుంది, పాదం నిలవదు. నిరుడు ఇసుక మేట ఉన్నచోట ఈసారి లోతు ఉండొచ్చు, పాత జ్ఞాపకంతో దూకొద్దు, పడవ నడిపేవాళ్ళని అడగండి. నన్నడిగితే జనవరి నుంచి మార్చి దాకా మంచి రోజులు, పొద్దున ఏడు తర్వాత.

ఏప్రిల్, మే గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. రాజమండ్రి రేవుల్లో కింద ధవళేశ్వరం బ్యారేజీ నీళ్ళు ఆపుతుంది కాబట్టి ఎండాకాలం కూడా లోతు ఉంటుంది, కానీ పైకి వెళ్తే ఇసుక తిన్నెలు తేలి, మోకాలి లోతు నీళ్ళు అద్దంలా నిలబడి ఉంటాయి. ఆ నీళ్ళ కిందే ఇసుక తవ్విన గోతులు ఉంటాయి. పైనుంచి ఏం తెలీదండి, రంగు అదే, నిలకడ అదే. నాకు పద్నాలుగేళ్ళప్పుడు మోకాలి లోతులో నడుస్తూ ఒక్క అడుగు వేశా, పీకల్దాకా వెళ్ళిపోయా, వెనక్కి వద్దామంటే అంచున ఇసుక కాలి కింద జారిపోతూనే ఉంది, ఎంత తొక్కితే అంత లోపలికి. మా బాబాయి నీళ్ళలోకి రాలేదు, గట్టి చోట నిలబడి పడవ గెడ చాపాడు, దాన్ని పట్టుకుని వచ్చా. అప్పట్నుంచీ తెలీని చోట చేతికర్ర లేకుండా దిగను, ముందు కర్ర దించి, అది ఆగితేనే అడుగు. గోతిలో పడితే తొక్కడం ఆపి వెల్లకిలా తేలి, వచ్చిన వైపే చేతులతో నీళ్ళు తోసుకుంటూ రండి.

ఉరవడిలో చిక్కుకుంటే ఎదురీదొద్దు, నీళ్ళతోపాటే పోతూ ఏటవాలుగా ఒడ్డుకి రావాలి. బ్యారేజీ గేట్లకి ఎగువైనా దిగువైనా దగ్గరికి అసలు పోవద్దు. యానాం వైపైతే పోటు, పాటు కనుక్కుని దిగండి, పాటు వేళ నీరు సముద్రం వైపు లాగుద్ది.

మనూళ్ళలో ఈత నేర్చుకుని అమెరికాకో స్కాట్లాండ్‌కో చదువుకి వెళ్ళే పిల్లలకి ఇంకో మాట. అక్కడ లెక్క తిరగబడుద్ది. మే నెల్లో బయట 25 డిగ్రీల ఎండ ఉన్నా మంచు కరిగి వచ్చే ఏట్లో నీళ్ళు పది పన్నెండు డిగ్రీలే ఉండొచ్చు. అందులో పడగానే మన ప్రమేయం లేకుండా పెద్దగా ఊపిరి లాగేస్తాం, ఆ క్షణంలో మొహం నీళ్ళలో ఉంటే నీళ్ళే లోపలికి పోతాయి. ఎంత ఈత వచ్చినా అంతే. పడితే ఈదాలని చూడకుండా ఒకటిన్నర నిమిషం వెల్లకిలా తేలండి, ఊపిరి నిలకడగా వచ్చాకే కదలండి. ఫొటో కోసం తడి రాళ్ళ మీదికి వెళ్ళొద్దు నాన్నా.

ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకెయ్యొద్దు, మునిగేవాళ్ళు మిమ్మల్ని కూడా కిందికి లాగేస్తారు. గెడ, చీర, మూత బిగించిన ఖాళీ నీళ్ళ డబ్బా, ఏది దొరికితే అది అందించి, పక్కనున్నవాళ్ళని 112కి ఫోన్ చెయ్యమనండి. బయటికి తీశాక తలకిందులుగా ఎత్తి తిప్పడం, పొట్ట నొక్కడం చెయ్యకండి, ఊపిరి లేకపోతే ముందు నోట్లో నోరు పెట్టి గాలి ఊది, తర్వాత 30 సార్లు ఛాతీ నొక్కి 2 సార్లు ఊదుతూ అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు. లేచి కూర్చుని నాకేం కాలేదు అన్నా సరే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి, ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్ళు కొన్ని గంటల తర్వాత కూడా ఇబ్బంది పెట్టొచ్చు.