ఉభాలకు ముందే: నడుం నొప్పితో ఉన్న గర్భిణికి కొన్ని జాగ్రత్తలు

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో వానలు పడి ఉభాలు (వరి నాట్లు) మొదలయ్యాయంటే ఇంటిల్లిపాదీ మడిలోనే ఉంటారు. నెలలు నిండుతున్న కోడలు ఒక్కతే ఇంటిపట్టున మిగులుతుంది. వాకిలంతా బురద, పెరట్లో నాచు. అప్పటికే నడుం పట్టేసి ఉంటే, కదిలితే బిడ్డకి ఏమవుతుందోనని మంచం దిగడానికే జంకుతుంది. నా దృష్టిలో నొప్పికన్నా ముందు చూడాల్సింది ఈ జంకునే.

అమ్మా, గర్భిణుల్లో ఇంచుమించు సగం మందికి నడుం నొప్పి వస్తుంది. పొట్ట ముందుకు పెరిగేకొద్దీ నడుం మీద భారం పెరుగుతుంది, హార్మోన్ల వల్ల కటి కీళ్ల పట్టు కాస్త సడలుతుంది. నొప్పి పుట్టినంత మాత్రాన బిడ్డకి దెబ్బ తగిలినట్టు కాదు. భయపడి పడుకునే ఉంటే కండలు బలం తగ్గి, లేచిన రోజు నొప్పి మరింత పొడుస్తుంది. అప్పుడు భయం ఇంకా ముదురుతుంది. కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పూ ఉంది.

మాయ కిందికి ఉండడం, రక్తస్రావం, బీపీ బాగా పెరగడం లాంటి కారణాలతో డాక్టరు కదలొద్దన్నవాళ్ల సంగతి వేరు. మిగతావాళ్లు వానలకి ముందే పరీక్షకి వెళ్లి, "నేను ఎంతసేపు నడవొచ్చు?" అని సూటిగా అడగండి. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి ఉచిత పరీక్షలు ఉంటాయి. ఆశా కార్యకర్తకి ముందే చెప్పి ఉంచండి. ఏ ఇబ్బందీ లేని గర్భిణి వారానికి 150 నిమిషాలైనా ఒళ్లు కదపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మొదట పూటకి ఐదు నిమిషాలు చాలు. వాన రోజుల్లో వసారాలోనే, గోడవారగా నడవండి.

ఎక్కువమంది భయపడేది చాప మీంచి లేవడానికి. వెల్లకిలా ఉండి నేరుగా లేవకండి. మోకాళ్లు మడిచి, రెండూ దగ్గరగా ఉంచి, భుజమూ తుంటీ ఒకేసారి పక్కకి తిప్పండి. మోచేతిని, రెండో అరచేతిని నేలకి నొక్కి కూర్చోండి. తర్వాత మోకాళ్ల మీదికి వచ్చి, ఒక పాదం ముందుకి వేసి, మంచంకోడు పట్టుకుని లేవండి. ఊపిరి బిగబట్టొద్దు, బిగబడితే నడుమూ బిగుసుకుంటుంది. ఇంట్లో మనుషులున్నప్పుడే నాలుగుసార్లు చేసి చూసుకుంటే, ఒంటరిగా ఉన్నరోజు ధైర్యం ఉంటుంది. పడుకునేటప్పుడు పక్కకి తిరిగి, మోకాళ్ల మధ్య మడిచిన దుప్పటి పెట్టుకోండి.

పలాసలో జీడిపప్పు పనికి వెళ్లి గంటల తరబడి కూర్చునేవాళ్లు అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి.

మందుల షాపులో అడిగి నొప్పి బిళ్లలు వేసుకోవద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి 20 వారాలు దాటాక కడుపులో బిడ్డ కిడ్నీలని దెబ్బతీసి ఉమ్మనీరు తగ్గించవచ్చు. తల్లి కిడ్నీలకీ మంచివి కావు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో నడుం నొప్పి అనగానే కిడ్నీ గుబులు పుట్టడం సహజమే. లోలోపల కుమిలిపోకుండా మూత్రం పరీక్ష, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించుకోండి.

రక్తం కనబడినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలికలు తగ్గినా, నొప్పి ఆగి ఆగి వస్తున్నా, జ్వరంతో మూత్రంలో మంట ఉన్నా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం పట్టు తప్పినా, కాలు పడిపోతున్నట్టున్నా మడికి వెళ్లినవాళ్లు వచ్చేదాకా ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.