మన ఊరి పద్దు, 3వ పాఠం: కడప లెక్క ఎక్కడ తప్పింది?

ఇంటి పన్ను డిమాండు (కట్టాలని వేసిన పన్ను), వసూలు, బకాయి ఎలా చదవాలో ఈసారి చెప్పాలనుకున్నాను. కానీ పోయిన పాఠం అభ్యాసానికి మీరు పంపిన జవాబులు చూశాక ముందుకు పోబుద్ధి కాలేదు. జనాభా పెరుగుదల దగ్గరే తప్పితే తర్వాత వేసే ప్రతి లెక్కా తప్పుతుంది. అందుకే పన్నుల సంగతి చివర్లో, ఉన్నంత చోటులో చెప్తాను.

నేనిచ్చిన సంఖ్యలు రెండే. జనాభా లెక్కల ప్రకారం కడప పట్టణంలో 2001లో సుమారు 1 లక్షా 26 వేల మంది, 2011లో సుమారు 3 లక్షల 44 వేల మంది. ఏటా ఎంత శాతం పెరిగిందని అడిగాను.

చాలామంది పదేళ్లలో 170 శాతం పైగా పెరిగిందని సరిగ్గానే తేల్చి, దాన్ని పదితో భాగించి ఏటా 17 శాతం అని రాశారు. ఇది వడ్డీకి వడ్డీ మర్చిపోయిన తప్పు. నిజంగా ఏటా 17 శాతం పెరిగి ఉంటే పదేళ్లకు జనం 6 లక్షలు దాటాలి. సరైన జవాబు పదిన్నర శాతం దగ్గర వస్తుంది. చక్రవడ్డీ లెక్క మీరు బడిలోనే చేశారు కాబట్టి మళ్లీ చెప్పను.

నాకు బాధ కలిగించింది ఇది కాదు. పదిన్నర అని సరిగ్గా వేసినవాళ్లు కూడా దాని కింద గీత గీసి లేచిపోయారు. ఆ సంఖ్య నమ్మదగినదేనా అని ఒక్కరూ అడగలేదు.

నేనైతే ఏ వృద్ధి రేటు కనిపించినా 70ని దానితో భాగిస్తాను. ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో తెలుస్తుంది. కాలిక్యులేటర్ అక్కర్లేదు, వేళ్ల మీద చెప్పొచ్చు. 70ని పదిన్నరతో భాగిస్తే ఆరున్నర, ఏడేళ్లు. అంటే 2011లో మూడున్నర లక్షలున్న కడప 2018కి ఏడు లక్షలు, 2025కి పద్నాలుగు లక్షలు కావాలి. 2011 లెక్కల్లో విజయవాడే పది లక్షల పైచిలుకు. కడపలో ఏడు రోడ్ల కూడలి నుంచి కోటిరెడ్డి సర్కిల్ దాకా ఒకసారి నడిచి చూడండి. అప్పటి విజయవాడ కంటే పెద్ద ఊళ్లో నడుస్తున్నట్టు ఉందా? లేదంటే కూడికలు, భాగహారాలు ఎంత సరిగ్గా ఉన్నా జవాబు తప్పే.

తప్పు ఎక్కడుందో చెప్పే ముందు కడప అంచున చిన్నచౌకులో మా చిన్నమ్మ ఇంటి గోడ చూపిస్తాను. గేటు పక్కన సున్నం పొర కింద పాత ఇంటి నంబరు సగం కనిపిస్తుంది, పంచాయతీ వాళ్లు నీలం రంగుతో రాసింది. దానికి జానెడు పైన కార్పొరేషన్ నంబరు రేకు కొట్టి ఉంది. ఇల్లు కదల్లేదు, ఇంట్లో మనుషులు పెరగలేదు. చిన్నమ్మ మాటే మారింది. "ముందు కడపకు పోయొస్తా అనేదాన్ని, ఇప్పుడు టౌన్లోకి పోయొస్తా అంటాండా" అంటుంది.

2001లో లెక్క రాసినప్పుడు చిన్నచౌకు వేరు, కడప పురపాలక సంఘం వేరు. 2004లో కడప నగరపాలక సంస్థ అయింది. చుట్టుపక్కల ఊళ్లు హద్దు లోపలికి వచ్చాయి. అంటే 2001 సంఖ్య ఒక ఊరిది, 2011 సంఖ్య ఆ ఊరితో పాటు దాన్ని ఆనుకుని ఉన్న ఊళ్లన్నిటిదీ. నిన్న ఒక బిందె నీళ్లు కొలిచి, ఈరోజు మూడు బిందెలు కలిపి కొలిచి, బిందెలో నీళ్లు పెరిగాయన్నట్టే ఇది.

మరి సరిగ్గా ఎలా పోల్చాలి? రెండు ఏడాదుల్లోనూ ఒకే నేలను తీసుకోవాలి. 2001లో కడపనూ, ఆనుకుని ఉన్న ఊళ్లనూ కలిపి లెక్కించిన పట్టణ సముదాయం సంఖ్య కూడా ప్రచురించారు. అది సుమారు 2 లక్షల 62 వేలు. అక్కడి నుంచి 3 లక్షల 44 వేలంటే పదేళ్లకు 31 శాతం, ఏటా 2.8 శాతం దగ్గర. 70ని 2.8తో భాగిస్తే పాతికేళ్లు. ఊరు రెట్టింపు కావడానికి ఏడేళ్లు కాదు, పాతికేళ్లు.

ఈ తేడా కాగితం మీదే ఉండిపోదు. తాగునీటి పథకాలను సాధారణంగా 30 ఏళ్ల అవసరం చూసుకుని కడతారు. ఏటా 2.8 శాతమైతే 30 ఏళ్లకు జనం రెండింతల మీద కొంచెం. పదిన్నర శాతమైతే ఇరవై ఇంతలు. తప్పు రేటు పట్టుకుని పైపులు వేస్తే ఆ అప్పు మన పిల్లలు కడతారు.

దీనికి తిరగబడ్డ తప్పు అనంతపురంలో జరుగుతుంది. 2011లో నగరపాలక సంస్థ హద్దు లోపల సుమారు 2 లక్షల 61 వేల మంది. రుద్రంపేట, పాపంపేట లాంటి ఆనుకుని ఉన్న ఊళ్లు కలిపితే సుమారు 3 లక్షల 40 వేలు. దాదాపు 80 వేల మంది ఊళ్లోనే పని చేసి, ఊళ్లోనే కొని, హద్దు అవతల పడుకుంటారు. కాబట్టి హద్దు లోపలి సంఖ్య ఒక్కటే చూస్తే అనంతపురం ఉన్నదాని కంటే చిన్నగా కనిపిస్తుంది.

సంఖ్య ముట్టుకునే ముందు విస్తీర్ణం చూడండి. జిల్లా జనగణన పుస్తకంలో పట్టణం పేరు పక్కనే చదరపు కిలోమీటర్లు ఉంటాయి. రెండు పుస్తకాల్లో అది మారితే జనాభాను నేరుగా పోల్చకూడదు. జనగణన వాళ్లకూ ఇది పెద్ద తలనొప్పి కాబట్టే లెక్కకు ముందు హద్దులు కదలకుండా బిగిస్తారు. 2021లో జరగాల్సింది జరగలేదు. 2027 గణనకు 2025 డిసెంబరు 31 నాటి హద్దులే ఆధారం.

ఇప్పుడు డబ్బు. హద్దు జరిగితే జనాభాతో పాటు పద్దు కూడా మోసం చేస్తుంది. ఒక ఊరు ఊహించుకోండి. లక్ష మంది, ఇంటి పన్ను 10 కోట్లు. పక్కన మరో లక్ష మంది ఉన్న పంచాయతీలను కలిపారు, అక్కడి పన్ను 4 కోట్లు. మొత్తం 14 కోట్లు. "ఆదాయం 40 శాతం పెరిగింది" అని చెప్తే అబద్ధం కాదు. కానీ తలకు వెయ్యి రూపాయలున్నది 700కి పడింది. కొత్తగా వచ్చిన వీధులకు కాలువలు, దీపాలు, రోడ్లు అన్నీ మొదటి నుంచి వేయాలి. పద్దులో ఆదాయం చూడగానే తలకెంత అని భాగించే అలవాటు చేసుకోండి.

ఇంకో మెలిక ఉంది. 2021 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో ఇంటి పన్నును అద్దె విలువ బట్టి కాకుండా ఆస్తి మూలధన విలువ (స్థలం, ఇల్లు కలిపిన ధర) బట్టి వేయడం మొదలుపెట్టారు, పాత ఇంటికి ఏడాదికి 15 శాతానికి మించి పెరగకుండా పరిమితి పెట్టి. 70ని 15తో భాగించండి. అయిదేళ్లు కూడా పట్టదు. ఊళ్లోకి ఒక్క మనిషీ కొత్తగా రాకపోయినా పన్ను డిమాండు రెట్టింపు కావచ్చు. కాబట్టి పన్ను పెరిగిందంటే ఊరు పెరిగిందనుకోవద్దు.

వసూలు గురించి క్లుప్తంగా. ఈ ఏడాది డిమాండు 10 కోట్లు, పాత బకాయి 6 కోట్లు, వచ్చింది 8 కోట్లు అనుకుందాం. 10లో 8 కాబట్టి 80 శాతం అంటారు. ఆ ఎనిమిదిలో 2 కోట్లు పాత బకాయివైతే ఈ ఏడాది వసూలు 60 శాతమే. మొత్తం 16 కోట్ల మీద 50 శాతమే. ఈ పట్టికను ఆఫీసుల్లో డీసీబీ (డిమాండ్, కలెక్షన్, బ్యాలెన్స్) అంటారు. డిమాండు, వసూలు, బకాయి మూడింట్లోనూ పాతదీ కొత్తదీ విడిగా ఉన్న కాగితమే అడగండి. విడిగా లేని పట్టిక మీద నేను టైమ్ పెట్టను.

అభ్యాసం ఈసారి కాస్త కష్టం, ఒక ఆదివారం కేటాయించండి. మీ ఊళ్లో పాత బజారులో ఒక ఇల్లు, తర్వాత కలిపిన ప్రాంతంలో ఒకటి, ఇంకా హద్దు బయటే ఉన్నది ఒకటి, తెలిసినవాళ్లవి ఎంచుకోండి. ముగ్గురి పన్ను రసీదులు అడిగి చూడండి, పేర్లు రాసుకోవద్దు. ఒక్కో ఇంటికి చదరపు అడుగుకు పన్ను ఎంత పడుతుందో లెక్కకట్టండి. ఇంటి ముందు కాలువ ఉందా, వీధి దీపం వెలుగుతుందా, కుళాయి ఎన్ని రోజులకొకసారి వస్తుంది, ఇవి కళ్లతో చూసి పక్కన రాయండి. కలిపిన ప్రాంతం ఇంటివాళ్లను అది ఏ ఏడాది కలిసిందో అడగండి. పెద్దవాళ్లకు గుర్తుంటుంది, లేకుంటే గోడ మీద సున్నం కింద వెతకండి. ఆ ఏడాది రాయని జవాబు నేను దిద్దను.