నడుం నొప్పి మీదికే మనసు పోతుంటే

ఏళ్ల తరబడి నడుం నొప్పి ఉన్నవాళ్లకి తెలుసు, నొప్పి కంటే 'ఇప్పుడెలా ఉంది, పెరిగిందా' అని గంటకి పదిసార్లు వంగి చూసుకోవడమే పెద్ద చికాకు. నేను దానికి టైం పెట్టేశాను, ఉదయం 8కి, సాయంత్రం 6కి, ఐదేసి నిమిషాలు. పాత క్యాలెండర్ వెనక నొప్పి ఎంతుందో 0 నుంచి 10 లోపు ఒక అంకె వేసి పెన్ను పక్కన పెట్టేయడమే. మధ్యలో మనసు అటు పోతే తిట్టుకోకుండా 'ఆరింటికి చూద్దాంలే' అనుకుని చిక్కుడుకాయల ఈనెలు తీయడమో, బట్టలు మడతపెట్టడమో, ఏదో ఒకటి చేతులకి పని చెప్తాను (టీవీ మాత్రం పనిచేయలేదు). మొదటి వారం చాలాసార్లు మర్చిపోయాను. డాక్టరు ఒకసారి చూసిన పాత నొప్పికే ఇది. కాళ్లలో కొత్తగా తిమ్మిరి, బలహీనత, జ్వరం, మూత్రం మీద అదుపు తప్పడం లాంటివి ఉంటే ఆరింటిదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.