గైడ్‌లో రాత్రి వార్తలు తెల్లవారుజామున!

నాన్న టీవీలో కోడి (Kodi) అనే మీడియా యాప్ పెట్టి, ఇంటర్నెట్ ఛానెళ్లను అందులో చూపించే ఐపీటీవీ సింపుల్ క్లయింట్ యాడ్-ఆన్‌లో ఎం3యూ లిస్టు (ఛానెళ్ల జాబితా ఫైలు), ఎక్స్ఎమ్ఎల్‌టీవీ ఫైలు (కార్యక్రమాల వేళలు) ఎక్కించాను. ఛానెళ్లు వచ్చాయి గానీ ఏ కార్యక్రమం ఎప్పుడో చూపే గైడ్ మొత్తం ఖాళీ. రెండు ఫైళ్లూ నోట్‌ప్యాడ్‌లో పక్కపక్కన తెరిస్తే దొంగ దొరికాడు: లిస్టులో ఛానెల్‌ను గుర్తించే టీవీజీ-ఐడీ, ఎక్స్ఎమ్ఎల్‌టీవీ ఫైల్లోని ఛానెల్ ఐడీ వేర్వేరు, అందుకే జత కుదరలేదు. ఒక్కొక్కటీ కూర్చుని సరిచేశాను. విసుగు పుట్టే పని.

గైడ్ నిండింది. తీరా చూస్తే రాత్రి 9 గంటల వార్తలు తెల్లవారుజామున 2:30కి! "అప్పుడెవడు చూస్తాడ్రా?" అన్నారు నాన్న. ఎక్స్ఎమ్ఎల్‌టీవీ ఫైల్లో మన టైమే ఉంది గానీ చివర అది భారత సమయమని చెప్పే +0530 లేదు. అది లేకపోతే యాడ్-ఆన్ దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుని అయిదున్నర గంటలు కలిపేస్తుంది. ఎం3యూ మొదటి లైనులో గైడ్ వేళల్ని జరిపే టీవీజీ-షిఫ్ట్‌ను -5.5 (అయిదున్నర గంటలు వెనక్కి) అని రాసి, పాత గైడ్ డేటా చెరిపి, కోడిని మళ్లీ తెరిచాను. వార్తలు తొమ్మిదికే వచ్చాయి.