ఎండల్లో రన్నింగ్ ప్రాక్టీస్ చేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు తప్పక చదవండి

మార్చి దాటిందంటే హన్మకొండ జేఎన్ఎస్ స్టేడియం, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ తెల్లవారకముందే నిండిపోతాయి. ఆర్మీ అగ్నివీర్‌కు 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో కొడితే 60 మార్కులు, 2022 నోటిఫికేషన్ ప్రకారం తెలంగాణ పోలీస్ ఈవెంట్స్‌లో మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు. ఈ టైమింగ్ టెన్షన్‌లో పడి ఎండ సంగతి మరిచిపోతున్నారు, అదే నా భయం.

ఇంకో భయం ఫోన్లో చూసే మెరైన్ల వీడియోలు. ఓడల మీద వెళ్లి ఒడ్డున దిగి పోరాడే సైనికులు వాళ్లు, నెలల తరబడి సముద్రంలో ఉన్నా డెక్ మీద పరుగు, బరువులు, ఆయుధాల క్లీనింగ్, డ్యూటీ ఏదీ ఆగదు. అది చూసి మనవాళ్లు బ్యాగులో ఇసుక నింపుకుని తొమ్మిదింటి ఎండలో ఉరుకుతున్నారు. వీడియోలో కనిపించనిది ఒకటుంది. అమెరికా మెరైన్ల ట్రైనింగ్ క్యాంపుల్లో ఎండను బట్టి జెండా ఎగరేస్తారు: పచ్చది, పసుపుది, ఎర్రది, నల్లది. నల్ల జెండా ఎగిరితే తప్పనిసరి పనులు తప్ప కసరత్తంతా బంద్. 1950ల్లో అక్కడి పారిస్ ఐలాండ్ అనే ట్రైనింగ్ క్యాంపులో రిక్రూట్లు వడదెబ్బకు పడిపోతుంటే ఈ పద్ధతి తెచ్చారు. యుద్ధానికి తయారయ్యేవాళ్లే ఆగుతున్నప్పుడు, సెలక్షన్‌కు తయారయ్యే మనం ఆగితే తప్పేముంది?

ఆ జెండా లెక్క మనకూ పనికొస్తుంది. మామూలు థర్మామీటర్ ఒక్కటే కాదు, తడి గుడ్డ చుట్టినదొకటి, ఎండలో ఉంచిన నల్ల గోళంలోనిదొకటి, మూడూ కలిపి లెక్క కడతారు. అందులో తడి గుడ్డ దానిదే 10లో 7 వంతులు, అంటే గాలిలో తేమకే పెద్ద పీట. ఆ లెక్క 32.2 డిగ్రీలు దాటితే నల్ల జెండా. అందుకే రోళ్లు పగిలే రోహిణి కార్తెలో జాగ్రత్తగా ఉండి, మృగశిరలో నాలుగు చినుకులు పడగానే "చల్లబడింది" అని స్పీడు పెంచకండి. ఉక్కపోతలో చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఫోన్లో ఉష్ణోగ్రతతో పాటు తేమ శాతం కూడా చూడండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒళ్లు ఎండకు అలవాటు పడడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. మొదటివారం సగం దూరం చాలు, ఇసుక బ్యాగు ఊసే వద్దు. హైదరాబాద్‌లో ఏసీ గదిలో చదువుకుని వచ్చిన తమ్ముడు, రోజూ పొలంలో తిరిగే తమ్ముడితో పోటీ పడకూడదు. నిన్న ఎండ దెబ్బ తగిలి నీరసపడ్డవాళ్లకు ఈరోజు ప్రమాదం ఎక్కువ. జ్వరం, విరేచనాలు, రాత్రి నిద్ర లేకపోవడం, వీటిలో ఏది ఉన్నా ఆరోజు పరుగు లేదు. బరువు తగ్గాలని జర్కిన్, ప్లాస్టిక్ కవరు చుట్టుకుని ఉరకడం వెంటనే మానేయండి. కాళ్ల నొప్పులకని పెయిన్ కిల్లర్ మింగి ఎండలో దిగడం కిడ్నీలకు చేటు. మూత్రం ముదురు గోధుమ రంగులో, కోలా రంగులో వస్తే కండరాలు దెబ్బతిన్నాయేమో, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

నీళ్లు కొద్దికొద్దిగా, తరచుగా తాగాలి. గంటకు లీటరున్నర దాటి అదేపనిగా ఉత్త నీళ్లే పట్టించడమూ ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడి తల తిరిగి ఫిట్స్ దాకా పోవచ్చు. ఉప్పేసిన మజ్జిగ, అంబలి మన ఇళ్లల్లో ఉన్నవే. ఓఆర్ఎస్ పాకెట్ లేకపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో తలగొట్టి కొలవండి.

ఇక అన్నింటికన్నా ముఖ్యమైనది. పక్కన ఉరికేవాడు తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఊరికే కోపానికొస్తున్నా, వెంటనే ఆపి పేరు, ఊరు, ఇవాళ ఏ వారం అని అడగండి. తడబడితే అది వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా, ఏం కాదులే అనుకోవద్దు, ఉరికి ఉరికి వచ్చే వడదెబ్బలో చెమట కారుతూనే ఉండొచ్చు. ఒకరు 108కు ఫోన్ చేయండి, మిగతావాళ్లు అంబులెన్స్ కోసం చూడకుండా అక్కడే చల్లబరచడం మొదలుపెట్టండి. నీడకు మోసి, బూట్లు, టీషర్ట్ విప్పి, తొట్టి ఉంటే తల పైకి పట్టుకుని మెడ దాకా చల్లటి నీళ్లలో ఉంచండి. లేకపోతే ఐస్‌నీళ్లలో ముంచిన తువ్వాళ్లు ఒళ్లంతా కప్పి, వేడెక్కగానే మారుస్తూ, విసురుతూ ఉండండి. మెడ, చంకలు, గజ్జలు వదలొద్దు. అరగంటలోపు ఒళ్లు చల్లబడితే ప్రాణం దక్కే అవకాశం చాలా ఎక్కువ. సగం స్పృహలో ఉన్నవాడి నోట్లో నీళ్లు మాత్రం పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

అందుకే బ్యాచ్‌లో తలా ఇంత వేసుకుని, పొద్దున వచ్చేటప్పుడు ఐస్ డబ్బా ఒకటి, పాత బెడ్‌షీట్లు రెండు, పెద్ద క్యానుతో నీళ్లు తెచ్చి గ్రౌండ్ గట్టు మీద పెట్టుకోండి. ఒంటరిగా ఎవరూ ఉరకొద్దు, ఏడున్నరకల్లా ముగించండి. ఒకసారి వడదెబ్బ తగిలినవాళ్లు డాక్టర్ సరేననే దాకా, సెలక్షన్ దగ్గరపడినా సరే, మళ్లీ ట్రాక్ ఎక్కకండి.