పొద్దంతా టీవీ ముందే కూర్చునే అమ్మానాన్నలు: కారణం ఎక్కడుందో వెతకండి

ఒంగోలు దగ్గర మా పల్లెలో ఉన్నన్నాళ్ళూ నాన్న పొద్దున్నే పాలకేంద్రానికి, ఆపైన టీ బంకుకి, సాయంత్రం రామాలయం అరుగు మీదికి నడిచేవారు. బెంగళూరు మారతహళ్ళిలో మా ఫ్లాటుకి వచ్చిన ఆరు నెలలకి ఆ నడక సోఫా నుంచి బాత్రూం దాకా మిగిలింది. నాకు టెన్షన్ వచ్చి మొదట రిమోట్ దాచాను. ఆయన టీవీ మానేసి మంచం మీద పడుకున్నారు. కదలిక మాత్రం పెరగలేదు.

మీరు ఆ తప్పు చేయకండి. రెండు రోజులు ఏమీ అనకుండా గమనించండి. ఎన్నింటికి కూర్చున్నారు, దేనికి లేచారు, ఇష్టంగా చూసేది ఏది, ఊరికే మోగుతున్నది ఏది, కాగితం మీద రాసుకోండి. మా ఇంట్లో ఇష్టంగా చూసేవి రాత్రి వార్తలు, ఒక ప్రవచనం. మిగతాదంతా ఏమీ తోచక పెట్టుకున్నదే.

సమస్య: లేవమంటే "కాసేపాగు" అంటారు

లేచేటప్పుడు చేతులు చూడండి. రెండు చేతులతో సోఫాని నొక్కి, రెండోసారికో మూడోసారికో లేస్తుంటే అది బద్ధకం కాదు. మోకాళ్ళ నొప్పి, తొడల్లో బలం తగ్గడం, దానికి తోడు మనం ముచ్చటపడి కొన్న, లోపలికి కుంగిపోయే సోఫా. నొప్పి అని కదలకపోతే తొడ కండరాలు ఇంకా సన్నబడి మోకాళ్ళ మీద భారం పెరుగుతుంది.

ముందు కుర్చీ మార్చండి. చేతులున్న గట్టి కుర్చీ కావాలి. పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి, మోకాళ్ళు తుంటికంటే ఎత్తుకి రాకూడదు. అందులో కూర్చునే ఒక్కో కాలూ చాపి ఐదు లెక్కపెట్టి దించమనండి, పదిసార్లు. ప్రకటనలు వచ్చినప్పుడల్లా లేచి నిలబడమనండి. యూట్యూబ్‌లో ప్రకటనల సంగతి ఎలా ఉన్నా, ఒక వీడియో అయిపోగానే ఇంకోటి దానంతటదే మొదలవుతుంది. సెట్టింగ్స్‌లో ఆటోప్లే ఆపేయండి. ఒక ప్రవచనం అయ్యాక తెర ఆగితే మనిషి కూడా కదులుతాడు. మా ఇంట్లో అన్నిటికంటే బాగా పనిచేసింది ఇదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం 65 దాటినవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలి. తూలకుండా నిలదొక్కుకునే వ్యాయామాలు వారానికి కనీసం 3 రోజులు ఉండాలి. మొదటి రోజే అంత అడగకండి. ఐదు నిమిషాలు నడిచినా మేలే.

సమస్య: టీవీ సౌండ్ రోజురోజుకీ పెరుగుతోంది

వినికిడి పరీక్ష చేయించండి. తెరకి దగ్గరగా జరుగుతుంటే కంటి పరీక్ష కూడా. సరిగా వినబడని మనిషి నలుగురిలో కూర్చోవడానికి వెనకాడి టీవీకే అతుక్కుపోతాడు.

సమస్య: బయటికి రమ్మంటే నీళ్ళు తాగడం మానేస్తారు

బీపీకి నీళ్ళమాత్ర (మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మాత్ర) వేసుకుంటున్నారేమో చూడండి. దారిలో బాత్రూం దొరకదని భయం, నోరు విప్పి చెప్పరు. మాత్ర వేళ మార్చవచ్చేమో డాక్టర్ని అడగండి. మీ అంతట మీరు ఆపకండి.

సమస్య: "దిగి ఎక్కడికెళ్ళను? ఎవరున్నారు?"

ఇది అర్థం కావడానికి నాకు చాలాకాలం పట్టింది. నాన్నకి కావలసింది వాకింగ్ కాదు, పలకరించే మనిషి. కన్నడం రాదని లిఫ్టు దగ్గర ఎవరైనా నవ్వినా తల దించుకునేవారు. నిజానికి ఈ ఊళ్ళో తెలుగు తెలిసినవాళ్ళు అడుగడుగునా ఉన్నారు. మా వీధిలో కూరగాయల బండి అతనిది మదనపల్లె వైపు. ఆ సంగతి తెలిసిన మర్నాడు నాన్న కొత్తిమీరకని వెళ్ళి ముప్పావు గంటకి వచ్చారు. కన్నడ లిపి మన లిపికి దగ్గరే కాబట్టి బస్సు బోర్డులు కూడబలుక్కుని చదవగలరు. ఒకసారి పక్కన నిలబడి చదివించండి, ధైర్యం వస్తుంది. అమ్మని బస్సెక్కిస్తుంటే ఒకటి గుర్తుంచుకోండి: 2023 జూన్‌లో మొదలైన శక్తి పథకం ఉచిత ప్రయాణం కర్ణాటక వాసులైన మహిళలకే. ఆధార్‌లో ఆంధ్రా చిరునామా ఉంటే చిల్లర ఇచ్చి పంపండి, కండక్టర్ ముందు ఆమె చిన్నబోకూడదు.

సమస్య: లేస్తారు, కానీ చేయడానికి పనే ఉండదు

దీనికి కారణం మనమే. "నువ్వు కూర్చో అమ్మా, పనిమనిషి చూసుకుంటుంది" అని ప్రేమగానే అంటాం. అలా అంటూ అంటూ నేను అమ్మ చేతిలోంచి చిక్కుడుకాయలు, బట్టల మడతలు, పూలకుండీలు అన్నీ లాగేసుకున్నాను. తిరిగి ఇచ్చేశాను. ఇప్పుడు పాలప్యాకెట్ తేవడం, మనవడిని స్కూలు బస్సు ఎక్కించడం నాన్నవి. అవి వాళ్ళ పనులే అనుకోండి, ఆలస్యమైనా మధ్యలో దూరకండి.

సమస్య: టీవీ నడుస్తోంది, కానీ చూడటం లేదు

ఇష్టమైన సీరియల్ కథ కూడా చెప్పలేకపోతే, తిండి తగ్గితే, మనవలు వచ్చినా ముఖం వెలగకపోతే ఇంటి చిట్కాలు పక్కన పెట్టండి. దిగులు జబ్బు, థైరాయిడ్, మతిమరుపు, ఏదైనా కావచ్చు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, ఉచితం. ఒక కాలే ఉన్నట్టుండి వాచి నొప్పిపెట్టినా, నడకలో ఛాతీ పట్టేసినా అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి.

సాయంత్రం వానలు పట్టుకున్న రోజుల్లో నాన్న కారిడార్‌లోనే తిరుగుతారు. ఈ చివర నుంచి ఆ చివరకి తొమ్మిది తలుపులు. మూడో తలుపు నెల్లూరు వాళ్ళదట, నాకు ఆయనే చెప్పారు.