దూర ప్రయాణంలో కారు ఏసీ గాలి తగ్గిపోతోందా? గ్యాస్ పట్టించే ముందు ఇలా చూడండి

బయలుదేరిన గంట వరకు ఏసీ హాయిగా ఉంటుంది. ఆ తర్వాత బ్లోవర్ హోరు వినిపిస్తూనే ఉంటుంది గానీ ముఖానికి గాలి తగలదు. టీ తాగడానికి కాసేపు ఆగి మళ్లీ బండి తీస్తే అంతా మామూలే. ఈ మూడూ కలిసి కనిపిస్తే డ్యాష్‌బోర్డు వెనుక ఉన్న కూలింగ్ కాయిల్ మీద మంచు పేరుకుంటోందని అనుమానించాలి. గ్యారేజీకి వెళ్తే ముందుగా వినపడే మాట "గ్యాస్ తగ్గిందండీ" అని. కావచ్చు. కానీ తేల్చుకోకుండా డబ్బు పెట్టకండి.

కాయిల్ లోపల గ్యాస్ తక్కువ ఒత్తిడిలో ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. చాలా కార్లలో ఉండే ఆర్-134ఎ అనే గ్యాస్ మామూలు వాతావరణ పీడనంలో మైనస్ 26 డిగ్రీల సెల్సియస్ వద్దే మరుగుతుంది. కాబట్టి అదుపు లేకపోతే కాయిల్ సున్నా కన్నా కిందికి జారడం ఎంతసేపు! అప్పుడు నీరై కారిపోవలసిన తేమ కాయిల్ రేకుల మధ్య గడ్డకట్టి సందులు మూసేస్తుంది. గాలి ఆడక కాయిల్‌కు వేడి అందదు, మంచు ఇంకా పెరుగుతుంది. దీన్ని ఆపడానికి ఆ రేకుల మధ్య థర్మిస్టర్ అనే చిన్న సెన్సర్ పెడతారు. కాయిల్ సున్నాకు కొద్ది డిగ్రీల పైన ఉండగానే దాని సంకేతంతో, గ్యాస్‌ను తోడే కంప్రెసర్‌ను ఇంజిన్ బెల్టుతో కలిపే క్లచ్ విడిపోతుంది. కాస్త వేడెక్కగానే 'టక్'మని మళ్లీ అతుక్కుంటుంది. కొన్ని బండ్లలో ఈ పని ప్రెషర్ స్విచ్ చేస్తుంది. ఇంకొన్నింటిలో కంప్రెసర్ ఆగకుండానే, తోడే గ్యాస్‌ను తగ్గించుకుంటుంది. వాటిలో 'టక్' వినిపించలేదని కంగారు పడనక్కరలేదు.

మొదట మంచేనా అని తేల్చుకోండి. గాలి తగ్గగానే ఏసీ బటన్ ఆపేసి, బ్లోవర్‌ను పూర్తి వేగంతో పది పదిహేను నిమిషాలు తిరగనివ్వండి. గాలి క్రమంగా పుంజుకుని, బండి ఆపి చూస్తే కింద నీళ్లు ధారగా కారుతుంటే మంచే. గాలి జోరుగా వస్తూ చల్లదనం మాత్రమే లేకపోతే అది వేరే జబ్బు.

తర్వాత క్యాబిన్ ఫిల్టర్ చూడండి. చాలా కార్లలో ఎడమ సీటు ముందున్న సొరుగు విప్పితే వెనుకే ఉంటుంది. దుమ్ముతో అట్ట కట్టి, వెలుతురుకు పట్టినా అవతల ఏమీ కనిపించకపోతే మార్చేయండి. చవకైన మందు ఇదే. కొత్తది పెట్టేటప్పుడు అంచు మీది బాణం గుర్తు గాలి వెళ్లే వైపు ఉండాలి.

అప్పటికీ తగ్గకపోతే కంప్రెసర్ క్లచ్‌ను గమనించండి. బండిని న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఒకరిని లోపల కూర్చోబెట్టండి. తలుపులు మూసి, బ్లోవర్ తక్కువలో, ఏసీ పూర్తి చల్లదనంలో ఉంచమనండి. బానెట్ ఎత్తి దూరం నుంచే చూడండి. చున్నీలు, వదులు చొక్కాలు బెల్టు దరిదాపులకు పోకూడదు. బెల్టు తిప్పే చక్రం, అంటే కంప్రెసర్ పుల్లీ, ఇంజిన్ నడుస్తున్నంతసేపూ తిరుగుతుంది. దాని ముందున్న పళ్లెం క్లచ్ పట్టినప్పుడే తిరుగుతుంది. 'టక్'మని పట్టి విడిచే రకం బండిలో గాలి సన్నగిల్లినా ఆ పళ్లెం ఒక్కసారి కూడా ఆగకపోతే థర్మిస్టర్‌ను గానీ, క్లచ్‌కు కరెంటు అందించే స్విచ్ రిలేను గానీ అనుమానించి మెకానిక్‌కు అదే మాట చెప్పండి. కొన్ని సెకన్లకోసారి పట్టి విడుస్తుంటే గ్యాస్ తగ్గి ఉండవచ్చు.

గ్యాస్ తగ్గినా కాయిల్‌లో ఒత్తిడి పడిపోయి కొంత భాగం గడ్డకడుతుంది. అయితే గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. బాగా తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ముందు లీకు పరీక్ష చేయించి, బానెట్ కింద స్టిక్కర్ మీద రాసిన గ్రాముల లెక్కన తూచి నింపించండి. గొట్టాలు మాత్రం మీరు విప్పకండి. చిమ్మిన గ్యాస్ కళ్లను, చర్మాన్ని గడ్డకట్టించేస్తుంది.

మరమ్మతు అయ్యేదాకా అద్దాలు మూసి ఉంచి, బ్లోవర్‌ను ఒక మెట్టు పెంచి, చల్లదనాన్ని కాస్త తగ్గించి నడపండి. వానాకాలం రాత్రుళ్లలో బ్లోవర్‌ను అన్నిటికన్నా తక్కువలో, చల్లదనాన్ని పూర్తిగా పెట్టుకుని వెళ్లేవారికే ఈ బెడద ఎక్కువ.